దాత వయసు

మధ్యాహ్నానికే అది నా పదకొండో శాంపిలు. చేతులు పీకుతున్నాయి.

కుర్చీలో ఉన్నావిడ తల ముగ్గుబుట్ట. పక్కన జుట్టుకి రంగేసుకున్నావిడ సంచీ పట్టుకుని నిలబడింది.

"మామ్మగారూ, చెయ్యి ఇలా పెట్టండి. చీమ కుట్టినట్టుంటుంది, అంతే," అన్నాను. మోచేతి దగ్గర గోటి మొన అంత చర్మం తీసి సీసాలో వేశాను.

"దీన్ని ఎన్నాళ్ళు దాస్తారు?" అనడిగింది కుర్చీలో ఆవిడ.

"దెబ్బతిన్న జన్యువుల్ని బాగుచేసే మందు వచ్చేదాకా. ఇరవయ్యేళ్ళు పట్టొచ్చు. మీకు కాకపోయినా మీ మనవలకి పనికొస్తుంది."

ఆవిడ నవ్వింది. రంగు జుట్టావిడ మొహం తిప్పుకుంది.

ఫారంలో దాత వయసు ముప్ఫై నాలుగని ఉంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మీ వయసు కాదండీ, మీ అమ్మగారిది రాయాలి," అంటూ సంచీ ఆవిడ వైపు చూసి, అంకె కొట్టేయబోయాను.

"కొట్టేయకండి, అది నాదే," అంది కుర్చీలో ఆవిడ. "అమ్మ వయసు కింద సాక్షి గడిలో ఉంది. ముసలితనం ముందే వచ్చే జబ్బు నాది. నా జన్యువులకే తొందరెక్కువ."

సాక్షి గడిలో యాభై ఏడు.

ఆ తల్లి సంచీ కింద పెట్టింది. బడికి తయారుచేసే పిల్లకి పెట్టినట్టు, కూతురి చొక్కా చేతికి గుండీ పెట్టింది.