ఒక్క రాత్రీ మానలేదు

"తప్పు మీ ఆయనది కాదమ్మా, బ్రేకులది" అన్నారు విచారణకు వచ్చిన ఆఫీసరు.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు మరిది గట్టిగా నిట్టూర్చాడు. "విన్నావా వదినా? అన్నయ్య నిద్రపోయాడన్న వాళ్ళందరి నోళ్ళూ మూతపడ్డాయి."

డ్రైవరు భార్య విందో లేదో తెలియదు. గోడకి ఆనుకుని కూర్చుంది. పట్టపగలు బస్సు మలుపు తిరగకుండా తిన్నగా పోయి రాతిగోడని గుద్దిన రోజు నుంచీ ఆమె అలాగే కూర్చుంటోంది. ప్రయాణికులు దెబ్బలతో బయటపడ్డారు. డ్రైవరొక్కడే పోయాడు. శవం ఇంటికి రాకముందే మాట వచ్చేసింది. "కునుకు తీశాడట!"

ఆ మాట ఊరికే పుట్టలేదు. డ్రైవరుకి నిద్రలో జబ్బుందని డిపోలో అందరికీ తెలుసు. పడుకుంటే గురకకి ఇల్లెగిరిపోయేది. ఉన్నట్టుండి గురక ఆగేది, దాంతోపాటే ఊపిరీ ఆగేది. అంతలోనే ఉలిక్కిపడి అటు పొర్లి, ఇటు పొర్లి, కాళ్ళూ చేతులూ విసిరేసేవాడు. తెల్లారేసరికి దుప్పటి ఓ మూల, దిండు ఓ మూల, మనిషి ఓ మూల. ఈయన పక్కన పడుకోవడం కంటే కుస్తీకి దిగడం నయమని భార్య నవ్వేది.

డిపో డాక్టరు మాత్రం నవ్వలేదు. ఊపిరి మెషీను రాసిచ్చాడు. ముక్కుకి మాస్కు, దానికో గొట్టం, గొట్టం చివర గాలి తోసే చిన్న పెట్టె. రాత్రంతా పెట్టుకుంటే ఊపిరి ఆగదు, పగలు కునుకు రాదు. ఎంతసేపు పెట్టుకున్నదీ ఆ పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. నెలనెలా డాక్టరు చూస్తాడు. పెట్టుకోనివాడికి బస్సు ఇవ్వరు.

పెట్టుకున్నాడు పాపం. మొదటి రాత్రే గొట్టం మెడకి చుట్టుకుంది. "ఊపిరి పోస్తుందనుకుంటే ఉన్న ఊపిరి తీసేట్టుందే ఇది!" అని పీకి అవతల పారేశాడు. మర్నాడు భార్య మళ్ళీ పెట్టింది. మళ్ళీ పీకేశాడు. బతిమాలింది, తిట్టింది, అలిగి మాట్లాడటం మానేసింది. మెలకువగా ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉండేవాడు. నిద్ర పట్టాక చెయ్యి మాట వినేది కాదు.

నెల తిరిగేసరికి బస్సు లాగేసుకుని టికెట్ల గదిలో కుర్చీ వేశారు.

మనిషి సగమైపోయాడు. కంచం ముందు కూర్చున్నట్టే కూర్చుని లేచిపోయేవాడు. "నా బండి ఇంకెవడో తోలుకుపోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలే నేను. ఇంతకంటే చావు నయం" అని ఓ సాయంత్రం ఆమె ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవగా చూడటం ఆమెకి అదే మొదలు. 

పై నెల డాక్టరు పెట్టె చూసి నోరు తెరిచాడు. ఒక్క రాత్రీ మానలేదు. మాస్కు సందుల్లోంచి చుక్క గాలి పోలేదు. ఊపిరి ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఏం మంత్రం వేశావయ్యా?"

"అంతా మా ఆవిడ చలవండీ" అన్నాడు డ్రైవరు తల గోక్కుంటూ.

బస్సు తిరిగి చేతికొచ్చింది. మొదటిరోజు ఇంటి ముందునుంచి పోతూ ఆపకుండా హారన్ మోగించాడు. వీధి వీధంతా తిట్టింది. ఆమె గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ సంతోషం ఏడాది కూడా నిలవలేదు.

"బండి ముందుభాగం నుజ్జునుజ్జయింది. చూసి తేల్చడానికి ఏమీ మిగల్లేదు" అంటున్నారు ఆఫీసరు. "కానీ మీ ఆయన ఊపిరి మెషీను చూశాం. ముందు రాత్రి కూడా తెల్లవార్లూ నడిచింది. అంత హాయిగా నిద్రపోయిన మనిషి పగలు కునుకెందుకు తీస్తారు? మెకానిక్కే బ్రేకులు సరిగ్గా చూసుండడు. ఉద్యోగం పోతుంది, కేసూ పడుతుంది."

ఆ మెకానిక్కు గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. డ్రైవరు కంటే పెద్దవాడు. ఇద్దరూ ఒక్క టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగిన స్నేహం.

"చెల్లెమ్మా" అన్నాడు. "వాడి బండి ఒకటికి రెండుసార్లు చూసి పంపేవాణ్ణి. బ్రేకులు బాగున్నాయమ్మా, నా పిల్లల మీద ఒట్టు. కానీ వీళ్ళంతా అంటుంటే నాకూ అనుమానం వస్తోంది. నా చేతుల్తో నేనే వాణ్ణి చంపుకున్నానా?"

"నువ్వు నోర్ముయ్!" మరిది కసిరాడు. "వదినా, ఒక్క మాట చెప్పెయ్. అన్నయ్య పేరు నిలబడుతుంది."

ఆమె మెకానిక్కు వైపు చూసింది. అతను తన అరచేతులకేసే చూసుకుంటున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో బండికి గీత కూడా పడనివ్వలేదని తన భర్త ఎంత గర్వంగా చెప్పుకునేవాడో ఆమెకి తెలుసు. ఆ పేరు నిలబెట్టడానికి నోరు విప్పక్కర్లేదు, తల ఊపితే చాలు.

"చెప్పండమ్మా" అన్నారు ఆఫీసరు. "మీ ఆయన రోజూ మాస్కు పెట్టుకునే పడుకునేవారు కదా?"

ఆమె గోడ పట్టుకుని లేచింది.

"దాన్ని పెట్టుకుని పడుకున్నది ఆయన కాదు సార్, నేను."