వెనక్కి తిరిగిన షాట్

"ఇంకోసారి పాపక్కా. ఏడుపు సరిపోలేదు," అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీరు అన్నాడు.

అది ఎనిమిదో టేకు. ఒక్క టేకులో పని ముగించి మంచినీళ్ళ సీసా అందుకునే మనిషి, ఇవాళ ఏడుసార్లు తడబడింది. యాభై దగ్గరపడుతున్నా ఆ డబ్బింగ్ స్టూడియోలో ఆమె అందరికీ పాపక్కే. చిన్నపిల్లల గొంతులన్నీ ఆమెవే మరి.

పెద్దింట్లో పుట్టి, డ్రైవరు కొడుకుతో ఆడుకుంటూ పెరిగిన ఒక పిల్ల కథ సాయంత్రాలు సీరియల్‌గా వస్తోంది. ఆ పిల్లకి పదేళ్ళప్పటి నుంచీ మాట పాపక్కదే. ఇప్పుడు పిల్లకి పంతొమ్మిది నిండాయి. గొంతుకి కూడా ఆ వయసు వచ్చిందో లేదో ఈ సీనుతో తేలాలన్నాడు నిర్మాత. తేలకపోతే రేపటి నుంచి వేరే అమ్మాయి. పాపక్క భయం పని పోతుందని కాదు. ఆ పిల్లగా తప్ప ఆమె రోజులో నోరు విప్పేదే తక్కువ.

"ప్రేమించినవాడి కోసం గడప దాటింది. తల్లి తలుపేసేసింది. ఇంతకన్నా ఏడుపు ఎక్కడొస్తుంది?" పక్కన కూర్చున్న రచయిత విసుక్కున్నాడు.

"ఏడుపొస్తోంది బాబూ, మాటే రావట్లేదు. 'అమ్మా, నా ప్రేమకన్నా నీ అంతస్తే ఎక్కువైందా' అని మూసిన తలుపుతో ఎవరంటారు? అప్పుడు అంత పెద్ద మాటలు నోటికి రావు."

"పెద్దింటి పిల్లలు ఎలా మాట్లాడతారో నాకు తెలీదా? తాతకి దగ్గులు నేర్పకు పాపక్కా."

"నాకేం తెలుసులే. తోచింది అన్నాను."

ఇంజనీరు నవ్వాపుకున్నాడు. పాపక్క మొదటిసారి ఈ స్టూడియో మెట్లెక్కినప్పుడు కాళ్ళకి చెప్పులైనా లేవని ఇక్కడ తెలియనివాళ్ళు లేరు. ఇరవై ఆరేళ్ళయినా ఆ కబురు పాతబడలేదు. కొత్తగా చేరినవాళ్ళకి టీతో పాటు అదీ అందుతుంది. ఎంత లేమిలోంచి వచ్చిందో పాపం అని జాలిపడతారు. ఆమె అవుననదు, కాదనదు. ఆ మధ్య ఒక సీన్లో, "పెద్దిళ్ళలో కోపమొస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు" అంటే, "ఏ ఇంట్లో వంట చేశావేంటి?" అని అడిగారు. దానికీ నవ్వి ఊరుకుంది.

"పిల్ల వెనక్కి తిరిగి ఉంది కదా బాబూ, పెదాలు కనబడవు. నాకు తోచిన మాట అననా?"

"నిడివి సరిపోతే ఏదో ఒకటి అను," రచయిత గడియారం చూసుకున్నాడు.

పాపక్క కళ్ళు మూసుకుంది. మైకు ముందు కళ్ళు తెర మీదే ఉండాలని కొత్తవాళ్ళకి నేర్పేది ఆమే. ఇవాళ ఆమే మూసుకుంది.

"అమ్మా... నా చెప్పులు లోపలే ఉండిపోయాయి."

ఇంజనీరు చెయ్యి మీట మీదే ఆగిపోయింది. రచయిత కాగితం మీద తన మాట కొట్టేసి, "బానే ఉంది, ఉంచెయ్యి," అన్నాడు. అందరూ ఆ గొంతు వింటూ ఉండిపోయారు. తెరకేసి ఎవరూ సరిగ్గా చూడలేదు.

మర్నాడు సాయంత్రం పాపక్క తన ఒంటి గదిలో గోడకి ఆనుకుని కూర్చుంది. ఆమెకి టీవీ లేదు. పక్కవాళ్ళ టీవీలోంచి తన గొంతు గోడ దాటి వస్తుంది, అదే ఆమెకి తోడు. సీరియల్ లేని ఆదివారాలు ఒక్క మాటైనా మాట్లాడకుండా గడిచిపోతాయి. గొంతుకి విశ్రాంతి కావాలిగా అని సర్దిచెప్పుకుంటుంది కానీ, మాట్లాడటానికి మనిషి లేడన్నది అసలు సంగతి. భర్త పోయి ఇరవై ఏళ్ళు. గోడ అవతల తలుపు మూసుకున్న చప్పుడైంది, తర్వాత ఆ మాట వినబడింది. పాపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెల్లారి స్టూడియోకి వెళ్ళేసరికి నిర్మాత వరండాలోనే నిలబడి ఉన్నాడు.

"పిల్ల కాళ్ళకి చెప్పులున్నాయమ్మా. నిలువెత్తు షాట్‌లో తళతళా మెరుస్తున్నాయి. జనం ఫోన్లు చేసి మరీ నవ్వుతున్నారు."

"పొరపాటైంది సార్. తెర చూసుకోలేదు."

"వట్టి కాళ్ళతో వచ్చినదానివి, నీ ధ్యాసంతా చెప్పుల మీదే ఉన్నట్టుంది. రేపట్నుంచి కొత్తమ్మాయి వస్తుందిలే."

తొమ్మిదేళ్ళు తనలో పెరిగిన పిల్లని ఒక్క మాటతో తీసేసుకున్నారు. పాపక్క రికార్డింగ్ గదిలోంచి తన నీళ్ళ సీసా, శాలువా తెచ్చుకుని బయటికి నడిచింది. ఆమెకి ఏడవాలని ఉంది, ఎవరి దగ్గర ఏడవాలో తెలియలేదు.

గుమ్మం దగ్గర, ఫోన్లు ఎత్తే అమ్మాయి ఆపింది.

"పాపక్కా, నీ కోసం కూడా ఒక ఫోనొచ్చింది. నలభై ఫోన్లలో వెటకారం లేనిది అదొక్కటే. ఎవరో పెద్దావిడ. చూపు ఆనదట, సీరియల్ రోజూ వింటుందట. ఆ మాట ఎవరైనా రాసిచ్చిందా, ఆ గొంతుమనిషి సొంతంగా అన్నదా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"సొంతంగానే అందన్నాను. అదే మళ్ళీ చెప్పమని అడిగింది. తర్వాత నీకివ్వమని ఒక మాట రాసుకోమంది. నాకైతే తలాతోకా తెలియలేదు."

"చదువమ్మా."

అమ్మాయి కాగితం వెలుతురుకి తిప్పి చదివింది.

"ఎడమ చెప్పు పట్టీ ఇరవై ఆరేళ్ళ కిందటే కుట్టించాను, వచ్చి తొడుక్కోమను."