ఏనుగు గొంతు

ఏనుగు నవ్వాల్సిన చోట దగ్గింది. డబ్బింగ్ కళాకారుడు మైకు ముందు ఒంగిపోయి, జేబులోంచి ఇన్‌హేలర్ తీసి పీల్చాడు.

అద్దం అవతల దర్శకురాలు హెడ్‌ఫోన్స్ తీసేసింది.

"ముందు డాక్టరుకి చూపించుకోండి. గొంతు మాత్రం జాగ్రత్త. పిల్లలు కార్టూన్ చూసేది ఆ గొంతు కోసమే."

గొంతంటే మరేం కాదు, ఎప్పుడూ మూసుకుపోయి ఉండే ముక్కు. అది మూసుకుపోయాకే ఆయనకు అన్నం పెట్టింది. అంతకుముందు ఏ స్టూడియోలోనూ కూర్చోమన్నవాళ్లు కూడా లేరు.

డాక్టరు మాస్కు వెనకనుంచే మాట్లాడుతూ స్కాన్ చూపించాడు. ముక్కులో రెండువైపులా ద్రాక్షగుత్తుల్లా పెరిగిన కండలు.

"ముక్కు వేరు, ఊపిరితిత్తులు వేరు అనుకోకండి. పైనుంచి కిందిదాకా ఒకటే దారి. ముక్కులో ఉన్న వాపే ఛాతీలోనూ ఉంది. కండలు తీసేసి మందు వాడితే ఆయాసం కూడా అదుపులోకొస్తుంది."

"గొంతు మారుతుందా?"

"బాగవుతుంది."

"అదేనండీ నా భయం."

ఆయన తన ఉద్యోగం సంగతి చెప్పుకున్నాడు. డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని అన్నీ అడిగాడు. రికార్డింగులు ఏ రోజుల్లో, సాయంత్రాలు ఉంటాయా, గొంతులు ఎంచేది ఎవరు. ఇంత శ్రద్ధగా వినే డాక్టరు ఆయనకు ఎన్నడూ దొరకలేదు.

ఇంట్లో భార్య ఒక్క మాటతో తేల్చేసింది.

"ఊపిరుంటే ఉప్పమ్ముకుని బతకొచ్చు. నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలు. టీవీలో ఏనుగు, ఇంట్లో పిల్లి. నాకు భయంగా ఉంది, చేయించుకోండి."

ఆపరేషన్ అయింది. ఎన్నాళ్లకో కాఫీ వాసన తెలిసి ఆయన కళ్లు చెమర్చాయి. మందులు తప్పకుండా వాడాడు. మెట్లన్నీ ఆగకుండా ఎక్కి స్టూడియోకి వెళ్లాడు.

మైకులో గొంతు వార్తలు చదివేవాడి గొంతులా పలికింది.

"చాలా బాగుంది," అంది దర్శకురాలు దిగులుగా. "ఇంత బాగుంటే ఎలాగండీ?"

ఇంకో వేషమేదైనా ఇస్తారేమోనని వారం ఆగి మళ్లీ వెళ్లాడు. అప్పటికే లోపల ఏనుగు నవ్వుతోంది. అచ్చం తన పాత నవ్వే.

"ఈయనకీ ఇదివరకు మీకున్నట్టే ముక్కులో కండలున్నాయట," అంది దర్శకురాలు. "అయినా ఆపరేషన్ చేయించుకునే ప్రసక్తే లేదన్నారు. మనకీ నిశ్చింత."

ఆయన అద్దంలోంచి తొంగిచూశాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, మైకు ముందు హాయిగా నవ్వుతున్నది తనకు ఆపరేషన్ చేసిన డాక్టరే.