చేతివేగం

"మధ్యాహ్నానికే రోజంతటి పని ముగించావా! భేష్!" అని కొత్త టైపిస్టు అమ్మాయిని మెచ్చుకుని వెళ్లాడు సూపర్వైజరు.

పక్కసీటు అక్క ఇంకా మౌసునే నింపాదిగా జరుపుతోంది.

"కీబోర్డు షార్ట్‌కట్లు నేర్పనా అక్కా? మీ పనీ చిటికెలో అయిపోతుంది."

అక్క తలుపు వైపు చూసి, కీబోర్డు మీద వేళ్లు ఆడించింది. రెప్పపాటులో పేజీ నిండింది.

"అన్నీ వచ్చి కూడా ఇంత నెమ్మదిగానా?"

"ఈ గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. అందరికీ నేనే నేర్పాను. పని ఇట్టే అయిపోతోందని నలుగుర్ని తీసేశారు. ఇంకొకామె మానేస్తే నువ్వొచ్చావు."

అమ్మాయి గబుక్కున మౌసు పట్టుకుంది.

"ఇప్పుడేం లాభం? నీ చేతివేగం చూసేశారుగా."

అంతలో సూపర్వైజరు తిరిగొచ్చాడు. "రేపట్నుంచి మీ ఫైళ్లు కూడా ఈ అమ్మాయే చూసుకుంటుంది. మీరోసారి మేనేజరు గారిని కలవండి" అన్నాడు అక్కతో.

అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వేం చేస్తావులే" అంది అక్క లేస్తూ. "నేనూ ఆరోజు మెప్పు కోసమే నేర్పాను."