ఎవరి కింద ఎవరు

"ఖాళీ సీసా మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టిందెవరు?" వంటింట్లోంచి గట్టిగా అడిగింది శైలజ.

"ఇంట్ల ఉన్నదే ముగ్గురం. నీ మొగడు పొద్దుగాల్నే దుకాణానికి పాయె. నేను కుండల నీళ్ళు తాగేదాన్ని. ఇగ పంచాయితి దేనికి?" అంది అత్త లక్ష్మీనర్సమ్మ, గోంగూర ఆకులు తుంచుతూ.

"అంటే నేనే పెట్టిన్నా అత్తమ్మా? ఉద్యోగం చేసుకుంట, వంట చేసుకుంట, సీసాలు గూడ నేనే నింపాల్నా?"

"ఉద్యోగమా!" లక్ష్మీనర్సమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఇంట్ల కూసోని చీరల బొమ్మలు జూసుడు గూడ ఉద్యోగమేనా బిడ్డా?"

శైలజకు ఒళ్ళు మండింది. మహబూబ్‌నగర్‌లో ఆ ఇంటి ముందుగదిలోనే కూచుని, హైదరాబాదులోని ఒక చీరల కంపెనీకి రెండేళ్ళుగా పని చేస్తోంది. నేతవాళ్ళు పంపిన ఫొటోలు కంప్యూటర్లో చూసి, ఏది చేతిమగ్గం చీరో, ఏది మిషన్ చీరో తేల్చి రాయాలి. పేరుకు మాత్రం కాంట్రాక్టరు. పీఎఫ్ లేదు, సెలవు లేదు, మెడలో వేసుకోవడానికి ఒక కార్డయినా లేదు.

"ఇయ్యాల తేలుతది అత్తమ్మా. నిరుడు దాక ఉద్యోగో, కాంట్రాక్టరో ఎవరికి వాళ్ళమే రాసిచ్చేటోళ్ళం. ఇప్పుడు కంపెనీల రూలు మారింది. పన్ను జీతం లెక్కన కొయ్యాల్నో, కాంట్రాక్టు లెక్కన కొయ్యాల్నో, పని చేయించుకునేటోళ్ళే తేల్చాల్నట. ఉద్యోగి అని కాగితం వస్తే మీ ముందలనే గోడకు కొడ్త."

"నువ్వేందో నీకే ఎర్క లేకపాయె. ఇంకోలు చెప్పాల్నా?"

అప్పుడే ఫోను మోగింది. కంపెనీ నుంచి జీనత్ మేడం. శైలజ చేతులకు పిండి ఉంది. మోచేత్తోనే స్పీకరు నొక్కింది.

"శైలజగారూ, నాలుగే ప్రశ్నలు. కంప్యూటర్ ఎవరిది?"

"మీదే మేడం. మీరు పంపిందే."

"పని వేళలు చెప్పేది?"

"మీరే. తొమ్మిది నుంచి అయిదు."

"ఎట్లా చేయాలో?"

"మీరిచ్చిన కాగితంల ఎట్లుంటే అట్ల."

ఒక్కో జవాబుకూ మెడలో కార్డు ఒక్కో బెత్తెడు కిందికి దిగుతున్నట్టే ఉంది శైలజకు.

"చివరిది. మీ బదులు వేరేవాళ్ళు ఎప్పుడైనా ఈ పని చేశారా?"

శైలజ నోరు తెరిచే లోపల వెనక నుంచి జవాబు వెళ్ళిపోయింది.

"నేను చేస్త గదా! పదకొండు నుంచి ఒంటిగంట దాక, ఆమె వంట జేసేటప్పుడు రోజు నేనే."

"మీరెవరండీ?"

"ఆమె అత్తను. మా తల్లిగారిది నారాయణపేట. మగ్గం గుంతల కాళ్ళు వెట్టుకోనే పెరిగిన. అంచు పక్కన సూది గుచ్చినట్టు సన్నటి బెజ్జాలుంటే మగ్గం చీర. ఫొటో ఇట్ల జూస్తే అట్ల చెప్త. ఈమె ఊరికే మీట నొక్కుతది."

"సరే, మెయిల్ పంపుతాను" అని జీనత్ మేడం ఫోను పెట్టేసింది.

"అత్తమ్మా! నా పుట్టి ముంచిండ్రు గదా!"

"ఏం, అబద్ధం చెప్పమంటవా?"

ఒంటిగంటకు మెయిల్ వచ్చింది. శైలజ ముందుగదిలో నిలబడే చదివింది. 'మీ పని మరొకరితో చేయించుకుంటున్నారు కనుక మీరు కాంట్రాక్టరే. అయితే మీ అత్తగారికి వేళ చెప్పేది మీరే, పని ఇచ్చేదీ మీరే. ఆమె మీ దగ్గర పని చేస్తున్నట్టు లెక్క. ఆమె ఉద్యోగో, కాంట్రాక్టరో మీరే తేల్చి మాకు రాయాలి.'

మొదటిసారి చదివితే ఏడుపొచ్చింది. రెండోసారి చదివితే అనుమానమొచ్చింది. మూడోసారి కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. ఏడేళ్ళుగా ఈ ఇంట్లో ఉప్పు ఎంతో, పప్పు ఎంతో తేల్చిన అత్తను ఇప్పుడు తను తేల్చాలి! ఫోను వంటింట్లోనే వదిలేసి, బట్టలు తెచ్చే నెపంతో మిద్దెక్కింది. క్లిప్పులు తీస్తూ చెప్పబోయే మాటలు తీగ మీది చొక్కాలకే నాలుగుసార్లు చెప్పి చూసుకుంది.

రెండింటికి విజేందర్ అన్నానికి వచ్చాడు. శైలజ ముగ్గురికీ వడ్డించి, తను మాత్రం గరిటెతోనే నిలబడింది.

"ఒక మాట. బాగ ఆలోచించి తేల్చిన. అత్తమ్మ ఉద్యోగియే. నా కింద."

విజేందర్‌కు పొలమారింది. "ఎవరు? ఎవరి కింద?"

శైలజ మెయిల్ చదివి వినిపించింది. "భయపడకండ్రి అత్తమ్మా. ఆదివారం సెలవిస్త. దసరాకు చీర పెడ్త. పని వేళల మాత్రం పక్కింటి ముచ్చట్లు బంద్."

"అమ్మా, విన్నవా? ఇగ నీకు బాసొచ్చింది!" విజేందర్ పళ్ళెం పట్టుకుని పడి పడి నవ్వాడు.

లక్ష్మీనర్సమ్మ నిదానంగా పచ్చిపులుసు పోసుకుంది. ముద్ద కలుపుకుంది. తిన్నది.

"జర ఆలస్యం జేసినవ్ బిడ్డా. నువ్వు మిద్దె మీదున్నప్పుడు ఆ మేడం మళ్ళ ఫోన్ జేసింది. గింత తెలిసిన మనిషిని బయట ఇడిసిపెడ్తమా అన్నది. సోమారం సంది నన్నే ఉద్యోగంల వెట్టుకున్నరు. మెడల కార్డు గూడ పంపుతరట."

శైలజ చేతిలో గరిటె అన్నం గిన్నెలో పడింది. "మరి నేను?"

"నాకు మీట నొక్కనీకి రాదన్న. ఐతే నీ కిందికి ఒకరిని వెట్టుకో, వాళ్ళు ఉద్యోగో కాంట్రాక్టరో నువ్వే తేల్చు అన్నది. నీ పేరే చెప్పిన." లక్ష్మీనర్సమ్మ కోడలిని ఎగాదిగా చూసింది. "ఏది తేల్చాలె అనేది ఇప్పుడే చెప్ప. ముందుగాల నాలుగు దినాలు నీ పని జూడనియ్యి."