పిచ్చుక పదకొండు చావులు

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ముగ్గురు. చెవులు సరిగా వినపడని నాన్నమ్మ, ఎనిమిది నెలలుగా పనికి వెళ్లని అత్త, ఇంటిల్లిపాదీ పిచ్చుక అని పిలిచే పదో తరగతి పిల్ల. టీవీలో తిరుగుతున్న కళ్లులేని నర్సమ్మను కూడా కలుపుకుంటే నలుగురు.

ఆ నర్సమ్మ పిచ్చుకను అప్పుడే తొమ్మిదోసారి చంపింది.

"అయిందా? ఇక ఉత్తరం రాయి," అంది అత్త.

"ఈ ఒక్క అంతస్తు దాటేస్తాను అత్తా."

"గంట నుంచీ అదే అంతస్తు."

ఉత్తరం పిచ్చుక ఒళ్లోనే, రూళ్ల పుస్తకం మీద ఉంది. అత్త పనిచేసిన కోల్డ్ స్టోరేజీ మేనేజరుకు. సోమవారం వచ్చి చేరతారా, వేరే మనిషిని పెట్టుకోమంటారా అని ఆయన అడిగాడు. చేరనని రాయాలి. ఆ మాట తన చేత్తో రాయబుద్ధి కాక అత్త పిచ్చుకకు పురమాయించింది. పిచ్చుకకూ రాయబుద్ధి కాలేదు. ఆ గోదాములో ఏ వరసలో ఏ పెట్టె ఉందో చూడకుండా చెప్పగలిగింది అత్త ఒక్కతే. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె ముఖం ఎలా వెలిగేదో పిచ్చుకకు గుర్తుంది. అందుకే 'సోమవారం నుంచి పనిలోకి' అన్నంతవరకు రాసి, మిగిలిన ఒక్క మాటా రాయకుండా టీవీలో వీడియో ఆట మొదలుపెట్టింది.

ఎనిమిది నెలల కిందట, అత్త లోపల ఉందని చూసుకోకుండా ఎవరో ఆ గోదాములోని చల్లగది తలుపు బయటి నుంచి బిగించేశారు. తీసేసరికి గంటన్నర. ఆనాటి నుంచి ఇంట్లో ఏ తలుపూ పడకూడదు. వీధి తలుపుకు ఇటుక, పడగ్గదికి ఇస్త్రీపెట్టె, వంటింటికి పప్పు డబ్బా అడ్డం. స్నానాల గది తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది, అడ్డం పరదా ఒక్కటే. అత్త స్నానం చేసినంతసేపూ పిచ్చుక గుమ్మం ముందు స్టూలు వేసుకుని, ఇటు తిరిగి కూర్చుని పాఠాలు వల్లెవేయాలి. మధ్యమధ్య లోపలి నుంచి "ఉన్నావా?" అని వినిపిస్తుంది. ఉన్నానని చెప్పాలి.

ఆట మొదటి భాగం పిచ్చుక నాలుగు రోజుల్లో ముగించింది. అందులో పరుగెత్తితే చాలు. ఈ రెండో భాగం స్నేహితురాలిది, సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి. మూతపడిన ఆస్పత్రి, నాలుగో అంతస్తు. పిచ్చుక ఏదో ఒక గదిలో దూరి మంచం కింద నక్కుతుంది. నర్సమ్మ తడుముకోకుండా నేరుగా వచ్చి కాలు పట్టి లాగేస్తుంది.

"ఆవిడెవరో పాపం, ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటుంది. పన్ను నొప్పేమో," అంది నాన్నమ్మ బఠాణీలు ఒలుస్తూ.

పదోసారి. పదకొండోసారి. క్లాసులో అందరూ దాటేశారని, తనొక్కతే మిగిలిందని, ఎక్కడ దాక్కున్నా దానికెలా తెలిసిపోతోందో అంతు పట్టడం లేదని పిచ్చుక ఏడుపు గొంతుతో చెప్పుకుంది.



"నువ్వు తలుపు వెయ్యడం లేదు," అంది అత్త.

పిచ్చుక తెర వంక చూసింది. నిజమే. వచ్చిన దారంతా, నడవా పొడుగునా, తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఒక్కటైనా వేద్దామని తోచనే లేదు. ఆ చేతులకు తలుపు వేసే అలవాటు పోయి ఎనిమిది నెలలైంది.

ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అత్త వీధి గుమ్మంలోని ఇటుకను చూసింది. ఇస్త్రీపెట్టెను చూసింది. తర్వాత పిచ్చుకను చూసింది.

"ఇలా ఇవ్వు," అని కంట్రోలర్ అందుకుంది.

తలుపు దాకా వెళ్లింది. వెయ్యలేదు, చచ్చింది. మళ్లీ వెళ్లింది. బొత్తాం మీద బొటనవేలు పెట్టి తీసేసింది, చచ్చింది. వద్దులే, నేనే ఆడతానని పిచ్చుక చెయ్యి చాపితే మోచేత్తో తోసేసింది. మూడోసారి గదిలో దూరి, కళ్లు గట్టిగా మూసుకుని, బొత్తాం నొక్కింది.

తెర నల్లబడింది. చీకట్లో ఊపిరి చప్పుడు. అది ఆటలోదో అత్తదో తెలియలేదు. తలుపు అవతల అడుగులు వచ్చాయి, ఆగాయి. చెక్క మీద గోళ్లు గీరాయి. అత్త పిచ్చుక మోకాలు పట్టుకుంది, మర్నాటికి కమిలిపోయేంత గట్టిగా. అడుగులు వెళ్లిపోయాయి.

అత్త ఒక కన్ను తెరిచింది. "పోయిందా?"

"పోయింది అత్తా. తలుపేసి ఉందిగా."

అత్త కంట్రోలర్ సరిగ్గా పట్టుకుంది. తర్వాత ఆడింది. ఒక్కో గదీ, ఒక్కో తలుపూ. పదిహేడు తలుపులు వేసి నాలుగో అంతస్తు దాటేసింది. ఆవిడ డ్యూటీ దిగి వెళ్లిపోయిందా అని నాన్నమ్మ అడిగింది.

ఒళ్లంతా చెమటలు పట్టాయి, స్నానం చేసి వస్తానని అత్త లేచింది. పిచ్చుక భయపడుతూనే ఉత్తరం మాట ఎత్తింది.

"రాయాల్సింది రాసి పెట్టు," అంది అత్త తువ్వాలు భుజాన వేసుకుంటూ.

పిచ్చుక ఉసూరుమంది. ఆటలో ఎన్ని తలుపులు వేస్తే ఏం లాభం. పుస్తకం చంకలో పెట్టుకుని, స్టూలు పట్టుకుని అలవాటుగా వెనకే నడిచింది. గుమ్మం ముందు వేసుకుని ఇటు తిరిగి కూర్చుంది. కలం మూత తీసి, 'పనిలోకి' పక్కన 'రాను' అని రాయబోతూ 'రా' దాకా వచ్చింది.

"ఉన్నావా?" అంది అత్త వెనక నుంచి.

"ఉన్నాను అత్తా."

"ఇక్కడేం పని నీకు? పోయి ఆడుకో."

పిచ్చుక వెనక్కి తిరిగేసరికి అత్త పరదా పక్కకు లాగి, పిల్ల ముఖం మీదే తలుపు వేసి, గడియ పెట్టేసుకుంది.