చెంచా తీపి

“అది ఇటివ్వు,” అంది స్మారో, చర్చి మెట్ల మీదే కూతురి ముందు చెయ్యి చాచి.

దనాయి చేతిలోని కాగితం పొట్లాన్ని గుండెకి అదుముకుంది. ఉడకబెట్టిన గోధుమలు, పంచదార పొడి, దానిమ్మ గింజలు, చక్కెర పూత పూసిన బాదం పలుకులు. నానమ్మ ఎవాంథియా పోయిన నలభయ్యో రోజున అందరికీ పంచిన పొట్లం.

“నానమ్మ పేరు చెప్పుకుని ఒక్క పలుకు తింటానమ్మా.”

“ఆ ఒక్క పలుక్కే పంటి మీది క్లిప్పు ఊడి చేతికొస్తుంది. రేపు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నదంతా ఇవాళ బూడిదలో పోస్తావా?”

“తిననివ్వు స్మారో,” అన్నాడు ఆర్గిరిస్. తల్లి పోయిన దగ్గర్నుంచీ అతను భార్యతో పొడిపొడిగానే మాట్లాడుతున్నాడు. “చచ్చిపోయిన మనిషి మీద కూడానా నీ కోపం?”

“ఆ మనిషే దీని పళ్ళు పాడుచేసింది.”

అనేసి నాలిక్కరుచుకుంది స్మారో. మెట్లు దిగుతున్న ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు.

“రేపు నేనూ వస్తాను,” అన్నాడు ఆర్గిరిస్ మెల్లగా. “అమ్మ మనింట్లోంచి వెళ్ళిపోయాక దీని పళ్ళ మీది మచ్చలు ఆగాయో లేదో నా చెవులతో వింటాను. ఆగాయంటే ఇక నేను నోరెత్తను.”

స్మారోకి కావలసిందీ అదే. ‘ఆగాయి’ అని డాక్టరు నోట ఒక్క ముక్క వస్తే చాలు. రాకపోతే మాత్రం, ముసలావిడని ఇంట్లోంచి తరిమిన కోడలిగానే మిగిలిపోతుంది, ఊళ్ళోనూ మొగుడి దగ్గరా కూడా. ఆ భయం ఆమెని లోపల్లోపల తినేస్తోంది.

మచ్చలు బయటపడింది చలికాలం మొదట్లో. డాక్టర్ మెల్పో అద్దం పెట్టి చూపించింది. క్లిప్పుల చుట్టూ సున్నం చిలికినట్టు తెల్లగా ఉంది.

“పంటి మీది ఎనామిల్ కరుగుతోంది. ఒకసారి పోతే మళ్ళీ రాదు,” అంది డాక్టరు. “క్లిప్పులు తీసేనాటికి వంకర పోతుంది, పళ్ళూ పోతాయి. ఎక్కడో తీపి తగులుతోంది, కనిపెట్టండి.”

కనిపెట్టడానికి పెద్ద తెలివేం కావాలి? స్మారో ఇంట్లో కూల్‌డ్రింకు లేదు, చాక్లెట్టు లేదు. ఉన్నదల్లా అత్తగారి బీరువాలో సీసాలు. నారింజ తొక్క పాకం, చెర్రీల పాకం. గుమ్మం తొక్కిన వాళ్ళకి చిన్న పళ్ళెంలో ఓ చెంచాడు తీపీ, పక్కన గ్లాసుడు చన్నీళ్ళూ పెట్టకపోతే ఆవిడకి ప్రాణం ఊరుకోదు.

ఆ సాయంత్రం వంటింట్లో నిమ్మచెక్కలు పిండుతూనే స్మారో కూతుర్ని నిలదీసింది.

“నిజం చెప్పు. ఎవరు పెడుతున్నారు నీకు?”

“ఎవరూ పెట్టట్లేదమ్మా.” దనాయి దగ్గింది. చలి తగిలితే చాలు, దానికి గొంతు పట్టేస్తుంది.

“మరి మచ్చలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?” స్మారో చెయ్యి లేచింది.

“నేనే పెట్టాను,” అంది ఎవాంథియా గుమ్మంలోంచి. “పిల్లని కొట్టకు స్మారో. రోజూ ఓ చెంచాడు. నేనే.”

దనాయి ఏదో అనబోయింది. ముసలావిడ దాని తల తన పొట్టకి అదుముకుని ఊరుకోబెట్టింది. నానమ్మా మనవరాలూ ఒకటే గూడుపుఠాణీ అని స్మారోకి ఒళ్ళు మండిపోయింది. సీసాలన్నీ తీసి సింకులో బోర్లించింది. పాకం చాలాసేపు కదలకుండా అక్కడే ఉంది.

“ఎక్కడ తీపి పంచుకుంటారో అక్కడికే వెళ్ళండి అత్తయ్యా. మీరుండగా దీని పళ్ళు దక్కవు.”

ఎవాంథియా మర్నాడే చిన్న పెట్టె సర్దుకుని క్సాంథీ ఊళ్ళో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి స్మారో ఎప్పట్లాగే దగ్గరుండి దనాయి చేత పళ్ళు తోమించి, మంచం పక్కన ఫ్లాస్కు పెట్టి, దుప్పటి కప్పి, నిశ్చింతగా పడుకుంది.

ఎవాంథియా ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది, “పిల్ల పళ్ళెలా ఉన్నాయమ్మా?” అని.

“మీరు లేరుగా. బాగానే ఉంటాయి,” అనేది స్మారో.

క్రిస్మస్ వెళ్ళాక ఆవిడ అక్కడి మెట్ల మీద పడింది. మళ్ళీ లేవలేదు. ఆస్పత్రి, చావు, చర్చి పనులు, వీటి మధ్య డాక్టరు దగ్గరికి వెళ్ళడమే పడలేదు.

మర్నాడు ముగ్గురూ వెళ్ళారు. డాక్టర్ మెల్పో దీపం దగ్గరికి లాక్కుని దనాయి నోట్లోకి చాలాసేపు చూసింది. ఆర్గిరిస్ గోడకి చేరబడి నిలబడ్డాడు. స్మారో ఒళ్ళో చేతిసంచీ నలిపేస్తోంది.

“ఎక్కువయ్యాయి,” అంది డాక్టరు.

ఆర్గిరిస్ తలెత్తాడు.

“అలా ఎలా అవుతాయి డాక్టరుగారూ?” స్మారో కుర్చీలోంచి లేచింది. “ఇంట్లో తీపి అన్నదే లేదు. రాత్రి నా ఎదురుగానే తోముకుంటుంది. తీగల కింద ఆ సన్న బ్రష్షు పెట్టి, మీరు రాసిన పేస్టుతో. ఒక్క పూట కూడా తప్పలేదు.”

“తోమడం బాగానే తోముతోంది. అదే నాకు అంతుబట్టట్లేదు.” డాక్టరు దనాయి వైపు తిరిగింది. “తోముకున్నాక నోట్లో ఏమైనా పడుతోందా తల్లీ? తినేదే అక్కర్లేదు, తాగేదైనా సరే.”

“ఏమీ లేదు,” అంది స్మారో.

దనాయి తల్లి వంక చూసి, కళ్ళు దించుకుంది. ఏడుపుని పంటి బిగువున ఆపుకుంటోంది.

“చెప్పు తల్లీ,” అన్నాడు ఆర్గిరిస్.

“అమ్మ ఫ్లాస్కులో పోసిచ్చే తేనె నిమ్మరసం.”